మీకు తెలుసా? గుండెను బిగించిన పొరను ఒలిచి తీసేస్తారు!

గుండె చుట్టూ పెరికార్డియం అనే పలుచని సంచి ఉంటుంది. మామూలుగా దాని మందం 2 మిల్లీమీటర్లకు మించదు. జబ్బు చేస్తే అది మందమెక్కి, ఒక్కోసారి సున్నం పట్టి, గట్టి పెంకులా గుండెను బిగించేస్తుంది. మన దేశంలో ఇందుకు ప్రధాన కారణం క్షయ. గుండె కండరం బాగానే ఉన్నా లోపలికి రక్తం సరిగా నిండదు. కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. దాంతో కాలేయ జబ్బని పొరబడి నెలల తరబడి తిరిగేవారూ ఉన్నారు.

ఈ పొరను తొలగించవచ్చని ఫ్రెంచ్ సర్జన్ ఎడ్మండ్ డెలోర్మ్ 1898లోనే సూచించాడు. 1913 ప్రాంతంలో జర్మన్ సర్జన్లు రేన్, సావర్‌బ్రుఖ్ ఆ పని చేసి చూపారు. ఆపరేషన్ పేరు పెరికార్డియెక్టమీ. ఇందులో ఒక కిటుకుంది: సాధారణంగా ఎడమ జఠరికను ముందు విడిపిస్తారు. కుడివైపును ముందు విడిపిస్తే రక్తం ఊపిరితిత్తుల్లోకి పోటెత్తుతుంది. దాన్ని అందుకోవాల్సిన ఎడమవైపు ఇంకా బిగుసుకునే ఉంటుంది మరి!

ఇది చిన్న ఆపరేషనేమీ కాదు. 2015 నాటి ఐరోపా మార్గదర్శకాల ప్రకారం మరణాల రేటు 6 నుంచి 12 శాతం. ఫలితం జబ్బు కారణాన్ని బట్టి కూడా మారుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 2004లో ప్రచురించిన లెక్కల్లో, కారణం తెలియని రకంలో ఏడేళ్ల తర్వాత 88 శాతం మంది బతికుంటే, రేడియేషన్ వల్ల వచ్చిన రకంలో 27 శాతమే. గుండె కండరం కూడా దెబ్బతినేదాకా ఆలస్యం చేస్తే పొర తీసినా ఫలితం అంతంతమాత్రమే. కాళ్లవాపు, పొట్టలో నీరు తగ్గకపోతే ఒకసారి గుండె డాక్టరుకూ చూపించుకోండి.