ఏండ్ల తరువాత మరల కరాటే

కరాటే నేర్పు శాలను జపాను భాషలో 'డోజో' అందురు. యౌవనమున నాలుగైదేండ్లు డోజోకు పోయి, పిదప ఉద్యోగము, సంసారము, బదిలీలు అడ్డుపడగా మానివేసినవారు చాల ఊళ్ళలో కనబడుదురు. పది పదునైదేండ్లకు, పిల్లవానిని చేర్పించుటకు వచ్చియో, వైద్యుడు రక్తపుపోటు చూచి వ్యాయామము చేయుమని చెప్పుటచేతనో, వారిలో కొందరు మరల ఆ గుమ్మము త్రొక్కుదురు. మొదటినాడే వారికి రెండు వింతలు తోచును. కాలుసేతులు పాత పాఠమును మరువకుండుట ఒకటి. పది నిమిషములైనను కాకముందే ఊపిరి అందకపోవుట రెండవది. మూడవ వింత రెండు మూడు వారములకు గాని తెలియదు. అది మడమ వెనుకనో, మోకాటియందో నొప్పియై వచ్చును.

మొదటి వింతను చూతము. కరాటేలో 'కతా' యనునది ఒక నిర్ణీతమైన కదలికల వరుస. షోటోకాన్ పద్ధతిలో తొలుత నేర్పు 'హెయాన్ షోదాన్' అను కతాలో 21 కదలికలు కలవు. దీనికి మూలమైన కతాను ఓకినావా ద్వీపమున బడిపిల్లలకొరకు ఇతోసు అంకో రూపొందించెను. 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించిన ఫునకోషి గిచిన్ దానిని జపానున వ్యాపింపజేసెను. చిరకాలమునకు తిరిగివచ్చినవానిని, 'ఇందులో తొమ్మిదవ కదలిక యేది?' యని అడిగిన చెప్పలేడు. మొదటినుండి చేయుమనిన, నిలువక సాగిపోవును. జపాను పేర్లు సగము నోటికి రావు. ఆ పేర్లుగల దెబ్బలు మాత్రము చేతికి వచ్చును.

జ్ఞాపకము ఒక్కటి కాదనుటకు ఇది చక్కని నిదర్శనము. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు స్పష్టపడినది ఒక రోగివలన. 1953లో అమెరికాయందలి హార్ట్‌ఫర్డ్ నగరమున, మూర్ఛవ్యాధితో బాధపడుచుండిన 27 ఏండ్ల యువకునికి మెదడు రెండు ప్రక్కల లోపలి భాగమును కొంత తీసివేసిరి. మూర్ఛలు తగ్గినవి గాని, అది మొదలు అతనికి క్రొత్త విషయమేదియు మనసున నిలువదయ్యెను. గ్రంథములలో హెచ్.ఎం. అను పొడి అక్షరములతో ప్రసిద్ధుడైన ఇతని పేరు హెన్రీ మొలైసన్ అని 2008లో అతడు మరణించిన పిమ్మట లోకమునకు తెలిసెను. బ్రెండా మిల్నర్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త ఇతనిచే, అద్దములో మాత్రమే చూచుచు, నక్షత్రపు బొమ్మ అంచుల నడుమ గీత గీయించెను. అద్దములో ఎడమ కుడులు తారుమారగుటచే ఇది కష్టమైన పని. మూడు దినములు చేయించగా దినదినము చేయి కుదురుకొని తప్పులు తగ్గినవి. కాని ఆ పని ముందెన్నడైన చేసినట్లు అతనికి గుర్తే లేదు! 'ఏమి' యను జ్ఞాపకము వేరు, 'ఎట్లు' అను జ్ఞాపకము వేరు. ఈ రెండవదానికి చిన్నమెదడును, పెద్దమెదడు అడుగున నుండు నాడీకేంద్రములును ఆధారములు. బాగుగా పదునెక్కిన పిమ్మట అది ఏండ్ల తరబడి చెక్కుచెదరదు. సైకిలు త్రొక్కుటయు ఈదుటయు ఇట్టివే. అయినను ఎదిరితో తలపడునప్పటి దూరపు అంచనా, అదను మాత్రము మొద్దుబారును. వానికి ఎదుట మనిషి కావలయును. ఇంటిలో ఒంటరిగా చేసినంత మాత్రమున అవి తిరిగిరావు.

ఇక ఊపిరి సంగతి. అభ్యాసము మానిన కొలది దినములకే రక్తములోని ద్రవభాగము తగ్గి, గుండె ఒక్కొక్క స్పందనమునకు పంపు రక్తము తగ్గిపోవును. 1966లో డల్లాస్ నగరమున, ఇరువది యేండ్ల ప్రాయపు అయిదుగురు యువకులను మూడు వారములపాటు మంచము దిగనీయక పరీక్షించిరి. నిమిషమునకు వారు గరిష్ఠముగా గ్రహింపగల ప్రాణవాయువు సగటున 3.3 లీటర్లనుండి 2.4 లీటర్లకు పడిపోయెను. ముప్పదియేండ్లకు, 1996లో, ఆ అయిదుగురినే మరల పిలిచిరి. ఆ నడుమ వారి బరువు సగటున 77 కిలోలనుండి 100 కిలోలకు పెరిగినది. అయినను గ్రహించు ప్రాణవాయువు 2.9 లీటర్లు ఉండెను. ముప్పదియేండ్ల వయస్సు చేసిన నష్టముకంటె మూడు వారముల మంచము చేసిన నష్టమే హెచ్చన్నమాట! ఆరు నెలలు నడక, మెల్లని పరుగు, సైకిలు క్రమముగా పెంచుచు చేయించగా వారు మరల 3.3 లీటర్లకు చేరిరి. అయిదుగురి కథయే గాని, ధైర్యమునిచ్చు కథ.

కండరములును కొంత త్వరగనే కోలుకొనును. బలిసిన కండరతంతువులలో కేంద్రకముల సంఖ్య పెరుగుననియు, తంతువు చిక్కినను ఆ కేంద్రకములు నెలలకొలది నిలిచియుండుననియు 2010లో ఓస్లో శాస్త్రజ్ఞులు ఎలుకలయందు చూపిరి. మానవుల విషయమున వాదము ఇంకను తీరలేదు.

మిగిలినది నొప్పి. కండరమును ఎముకకు కట్టిపట్టు తెల్లని త్రాడును స్నాయువు అందురు. పిక్కను మడమకు కలుపు స్నాయువు దేహమునందలి వానిలో మిక్కిలి బలిష్ఠమైనది. దీనికి రక్తప్రసారము స్వల్పము. మార్పు మిక్కిలి మెల్లగా జరుగును. ఎంత మెల్లగానో తెలిసిన తీరు విచిత్రమైనది. 1955 మొదలు 1963 వరకు వాయుమండలమున జరిపిన అణ్వస్త్ర పరీక్షలవలన గాలిలో కర్బనము-14 దాదాపు రెండింతలై, తరువాత క్రమముగా తగ్గుచు వచ్చెను. ఆహారముద్వారా అది అందరి దేహములలోను చేరినది. కావున ఒక కణజాలములో అది ఎంత యున్నదో కొలిచిన, ఆ పదార్థము ఏ యేట కట్టబడినదో లెక్కింపవచ్చును. డెన్మార్కు పరిశోధకులు 2013లో ప్రకటించిన ఫలితము ప్రకారము, మడమ స్నాయువు నడిమి భాగము సుమారు 17 ఏండ్ల ప్రాయమునకు కట్టుబడి, ఆపై దాదాపుగా క్రొత్తది కాదు. నలుబదియైదేండ్లవాడు డోజోలో నిలుచునది పదునేడేండ్లనాటి త్రాటిమీదనే! అయినను ఆ త్రాడు బొత్తిగా జడము కాదు. నెలల తరబడి క్రమముగా భారము మోపినచో దాని బిగువు పెరుగును. వారములలో మాత్రము పెరుగదు.

ఇప్పుడు ప్రమాదమెక్కడనున్నదో తెలియును. చేతికాళ్ళకు తెలిసిన పాఠము మొదటినాడే హాజరగును. శ్వాస, కండరములు కొన్ని వారములకు, నెలలకు వచ్చును. స్నాయువు అన్నిటికంటె వెనుక వచ్చును. మెదడు పాతకాలపు వేగముతోనే ఆజ్ఞ యిచ్చును. ఎదిరిపైకి హఠాత్తుగా దూకునపుడు వెనుకకాలి పిక్క ఒక్కసారిగా బిగియును. ఆ అదటు మడమ స్నాయువుపై పడును. అది తెగుట ముప్పది, ఏబది యేండ్ల నడుమ పురుషులలో తరచు కనబడును. వెనుకనుండి ఎవరో తన్నినట్లుండెనని వారు చెప్పుట కద్దు. ప్రక్కనుండి తిప్పి తన్ను 'మవాషి గెరి'లో నిలిచిన పాదము కూడ తిరుగవలయును. అలసి పాదము నేలకంటుకొన్నచో ఆ మెలిక మోకాలు భరించును.

కావున మొదటి మాసములలో కతాలను మెల్లగాను, భంగిమలను ఎత్తుగాను, తన్నులను నడుమునకు మించకుండను చేయుట మేలు. దూకుడును, పోటీయు చివర. పిక్కలకు బలమిచ్చుటకు మెట్టు అంచున మునివ్రేళ్ళపై నిలిచి మడమలను మెల్లగా ఎత్తి దించుట చాలును. ఉదయము మంచము దిగినపుడు మడమ వెనుక బిగిసియున్న, నిన్నటి పని మితిమీరినదని గుర్తు. ఛాతీలో నొప్పి, తల తిరుగుట ఉన్నవారు డోజోకంటె ముందు వైద్యుని చూడవలయును.

గురువుకును ఒక చిక్కు కలదు. కతా చేయుచున్న శిష్యుని చూచిన, నిన్ననే మానినవానివలె కనబడును. స్నాయువు కంటికి కనబడదు గదా. తిరిగివచ్చినవారిలో కొందరు పాతబెల్టును పెట్టెలోనుంచి కొన్నాళ్ళు తెల్లబెల్టు కట్టుకొందురు. దానిని వినయమని చూచువారందురు. కట్టుకొన్నవానికి మరియొక లాభమున్నది: తెల్లబెల్టువానిని ఎగిరి తన్నుమని ఎవ్వరును అడుగరు.