అనుమానం వస్తే ఎరుపే

మొన్న మా రైలు ఇంకో రెండు కిలోమీటర్లలో స్టేషన్ ఉందనగా ఆగిపోయింది. "ఔటర్లో పడేశాడు" అంటూ ఎదురు సీటాయన తువ్వాలు మొహాన కప్పుకుని వాలిపోయాడు. మా మనవరాలు మాత్రం కిటికీ ఊచలకి ముక్కు ఆనించి, "తాతయ్యా, ముందు దారి ఖాళీ లేదని డ్రైవర్‌కి ఎవరు ఫోన్ చేశారు?" అంది.

ఫోన్ కాదే అమ్మలూ, దీపం చెప్పింది.

రోడ్డు మీద ఎర్రలైటు కనబడ్డాక బ్రేకు వేసినా సరిపోతుంది. రైలుకి అలా కుదరదు. నున్నటి ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఎక్స్‌ప్రెస్ బ్రేకు వేశాక కూడా కిలోమీటరు దాకా పోతుంది. అందుకే ఎరుపు రాబోతోందన్న కబురు ముందే అందాలి. ఆకుపచ్చ అంటే దర్జాగా పొమ్మని. జంట పసుపు అంటే వచ్చే సిగ్నల్‌ని నెమ్మదిగా దాటాల్సి రావచ్చని. ఒంటి పసుపు అంటే అక్కడ ఆగడానికే సిద్ధపడమని. రెండు పసుపు దీపాలూ ఆనుకుని ఉంటే దూరానికి ఒకటే అనిపిస్తాయి, అందుకని మధ్యలో ఆకుపచ్చకి చోటిచ్చారు. ఎరుపేమో అట్టడుగున, డ్రైవర్ కంటి ఎత్తుకి దగ్గరగా ఉంటుంది. ఇంజన్లో ఉన్న లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఆ రంగుని ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి, నువ్వు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

"మరి దీపానికి ఎలా తెలుసు?"

అక్కడే ఉంది చమత్కారం. పట్టాలని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో కొద్ది వోల్టుల కరెంటు పారిస్తారు. ఒక పట్టాలోంచి వెళ్ళి, రిలే అనే చిన్న అయస్కాంతం చుట్టూ తిరిగి, రెండో పట్టాలోంచి వెనక్కి వస్తుంది. కరెంటు ఉన్నంతసేపూ అయస్కాంతం ఒక ఇనపముక్కని పైకి పట్టుకుని ఉంటుంది. రైలు వచ్చిందనుకో, చక్రాల ఇరుసు రెండు పట్టాలనీ కలిపేస్తుంది. కాలువకి మధ్యలో గండి పడితే చివరి మడికి నీరందదు చూడు, అలా కరెంటు ఇరుసు మీదుగానే తిరిగిపోయి రిలే దాకా రాదు. ఇనపముక్క తన బరువుకి తానే పడిపోతుంది. ఎర్రదీపం వెలుగుతుంది. బ్యాటరీ చచ్చినా, తీగ తెగినా ఇంతే! లోపం ఎక్కడొచ్చినా "దారి లేదు" అనే చెబుతుంది తప్ప "రా" అనదు. నాకు ఈ పిరికితనం భలే నచ్చుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఇరుసుల్ని లెక్కపెట్టే యంత్రాలు పెడుతున్నారు. లోపలికి వెళ్ళినన్ని ఇరుసులు బయటికి రాకపోతే అదీ ఎరుపే.

మా చిన్నప్పటి రెక్క సిగ్నళ్ళదీ ఇదే బుద్ధి. రెక్క అడ్డంగా ఉంటే ఆగు, కిందికి వాలితే రా. కేబిన్లో లీవర్ లాగితే తీగ గుంజి రెక్కని వాల్చేది. తీగ తెగితే? రెండో వైపున్న బరువు రెక్కని మళ్ళీ అడ్డంగా నిలబెట్టేసేది. రాత్రిళ్ళు కిరసనాయిలు దీపం ముందు రంగు అద్దాలు. ఆ దీపం వెలుగే పసుపు కదా, అందుకని ఆకుపచ్చ కావాల్సిన చోట నీలంచాయ అద్దం పెట్టేవాళ్ళు. అన్నట్టు, రైల్వే భాషలో సిగ్నల్ 'ఆన్'లో ఉందంటే ఆగమని, 'ఆఫ్' అంటే పొమ్మని. మనింటి స్విచ్చికి పూర్తిగా రివర్సు!

దీపం ఎంత నిజం చెప్పినా చూసేది మనిషి కన్నే. అది ఏమరితే ఇంజనే బ్రేకు వేసుకోవాలని 'కవచ్' తెచ్చారు. 2022 మార్చి 4న మన దక్షిణ మధ్య రైల్వేలోనే గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లని ఎదురెదురుగా ఉంచి పరీక్షించారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి ఉన్నారు. 380 మీటర్ల దూరం ఉండగానే అది ఆగింది.

ఇంతలో కూత వినబడింది. రైలు కదిలింది. కాసేపటికి సిగ్నల్ స్తంభం మా కిటికీ పక్కకొచ్చింది. పిల్ల కెవ్వుమంది. "తాతయ్యా! ఎర్రగా ఉంది, అయినా వెళ్ళిపోతున్నాం!"

ఎదురు సీటాయన తువ్వాలు తీసి చూశాడు.

"మన ఇంజన్ ఇందాకే దాటింది కదే. ఇప్పుడు ఆ పట్టా మీద ఉన్న చక్రాలెవరివి?" అన్నాను.

ఒక్క క్షణం ఆలోచించింది. "మనవే!"