సాహసమూ, ముందుచూపూ

2019 అక్టోబరు 2వ తేదీన విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రాన్ని మన విద్యార్థులు ఇంటనే కూర్చుండి టెలివిజనులో చూచే వుంటారు. తోటి పాలెగాళ్లు వెనుకాడగా నాయకుడు ముందుకు దూకినప్పుడు వారు చప్పట్లు చరుస్తారు. అది సహజమే. తెరమీద జంకినవాడు ఎప్పుడూ పిరికివాడుగానే కనబడతాడు. చరిత్రలో కూడ అంతేనా?

ఆ పాలెగాళ్ల జంకుకు ఒక కారణమున్నది. 1800లో నైజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తం చేసినాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో 1807లో వెళ్లేలోపల సుమారు 80 మంది పాలెగాళ్ల బలాన్ని అణచివేసినాడు. ఎదిరించినవారి గతి చూచినవారి బిడ్డలు, దొరికిన పింఛనుతో తలదాచుకొన్నారు. ఇల్లు, వాకిలి, నమ్ముకొన్న జనము కలవాడు అపాయాన్ని లెక్కించుట నేరమనలేము.

మరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లెక్కించలేదా? ఆయనకు ముట్టే పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాత, నొస్సం జయరామిరెడ్డి, పింఛనులో భాగము కోరినా దక్కలేదు. ఆయన గోడు ఇంతే అయివుంటే అది ఒక ఇంటి గోడుగా మిగిలేది. కాని అప్పుడే గ్రామాలలో కావలి కాచే కట్టుబడుల మాన్యాలను ప్రభుత్వము లాగుకొనసాగినది. అన్నము పోయిన ఆ కట్టుబడులే ఆయన వెంట నడిచినారు. 1846 జూలైలో, నాడు కడప జిల్లాలో వుండిన కోవెలకుంట్ల ఖజానాపై వారు పడినారు.

తిరుగుబాటు మూడు నెలలైనా నిలువలేదు. అక్టోబరు 6న ఆయన పట్టుబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసినారు. ఆ తల 1877 వరకు కోట గోడపై వ్రేలాడినది. వెంట నడిచినవారిలో వందమందికి పైగా శిక్షలనుభవించినారు. వారి పేర్లు తెరమీద కనబడవు. మన పాఠాలలోనూ అరుదే.

కనుక ఉపాధ్యాయులు తరగతిలో ‘ఎవడు ధైర్యవంతుడు?’ అని మాత్రమే అడిగి ఊరుకొనరాదు. మరి రెండు ప్రశ్నలు వేయవలె. వెనుకాడినవాడు ఎవరిని కాపాడుటకు వెనుకాడినాడు, తన జనాన్నా, తన పింఛనునా? ముందుకురికినవాడు ఎవరి తలను పణముగా ఒడ్డినాడు, పరులదేనా, తనదికూడానా?

జనముకొరకు వెనుకాడుట వివేకము. పింఛనుకొరకు వెనుకాడి దానికి వివేకమని పేరు పెట్టుట ఆత్మవంచన. నరసింహారెడ్డి ఇతరుల తలలతోబాటు తన తలనూ ఒడ్డినాడు. ఓడినా సీమ ఆయనను పాటగా పాడుకొనుటకు కారణమదే. ఆ పాట వినే పిల్లలకు శిక్షలనుభవించిన కట్టుబడుల కథకూడ చెప్పినప్పుడే పాఠము పూర్తి అవుతుంది.