పటంలో చెరిగినా మైదానంలో నిలిచిన పేరు

తూర్పు బెంగాల్ అన్న పేరు నేడు ఏ దేశపటంలోనూ కానరాదు. 1947లో దేశ విభజనతో ఆ సీమ పాకిస్తాన్‌లో భాగమైంది; 1955లో తూర్పు పాకిస్తాన్ అయింది; 1971లో బంగ్లాదేశ్‌గా అవతరించింది. కానీ కలకత్తాలో ఆ పేరు చెక్కుచెదరలేదు. ఎరుపు, బంగారు రంగుల చొక్కాలు ధరించిన పదకొండుమంది మైదానంలో అడుగుపెట్టగానే వేలాది కంఠాలు ఎలుగెత్తి ఆ పేరునే పిలుస్తాయి. దానిని కాపాడినది ప్రభుత్వమూ కాదు, సైన్యమూ కాదు. ఒక ఆటల క్లబ్బు.

ఈస్ట్ బెంగాల్ క్లబ్ పుట్టుకకు మూలం ఒక అవమానం. 1920 జూలైలో కూచ్‌బెహార్ కప్పు పోటీలో జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌ను ఎదుర్కొన్నది. తూర్పు బెంగాల్‌కు చెందిన శైలేశ్ బోస్‌ను ఆ ఆటకు తీసుకోలేదు. జోరాబగాన్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఎంత చెప్పినా నిర్వాహకులు వినలేదు. ఆయన ఆ క్లబ్బును విడిచి, మిత్రులతో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్బును స్థాపించాడు. అది 1925లో కలకత్తా లీగు మొదటి శ్రేణిలో ప్రవేశించి, 1942లో తొలిసారి విజేత అయింది.

విభజన ఈ క్లబ్బుకు కొత్త అర్థాన్నిచ్చింది. ఇల్లూ పొలమూ వదలి వచ్చిన కాందిశీకులు సియాల్దా రైల్వేస్టేషన్‌లో తలదాచుకున్నారు. నగరం అంచులలో గుడిసెలు వేసుకున్నారు. వారి మాటతీరును స్థానికులు వెక్కిరించేవారు. పనిలోనూ వీధిలోనూ తల వంచుకొని తిరిగిన మనిషి, తన జట్టు గెలిచిననాడు తల ఎత్తుకొని ఇంటికి వెళ్లేవాడు. ఆ సాయంత్రం ఇలిశ చేపకు గిరాకీ పెరిగేది. గోదావరి తీరవాసులు పులస అని అపురూపంగా చెప్పుకొనే చేప అదే. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు ఆ గౌరవం దక్కేది.

1949లో ఈస్ట్ బెంగాల్ లీగు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు, రోవర్స్ కప్పు మూడింటినీ గెలుచుకొన్నది. షీల్డును 1951 వరకు వరుసగా మూడేళ్లు నిలబెట్టుకొన్నది. ఆనాటి దాడిపంక్తిలోని అహమ్మద్ ఖాన్, అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, సాలేలను అభిమానులు పంచపాండవులన్నారు. ఆ ఐదుగురిలో ఒక్కరూ బెంగాలీ కాదు; అందరూ దక్షిణాదివారే! తూర్పువాడని ఒకరిని పక్కన పెట్టారన్న కోపంతో పుట్టిన సంస్థ, పరప్రాంతీయుడని ఎవరినీ పక్కన పెట్టలేదు. ఆ తర్వాతి తరంలో హైదరాబాదు బిడ్డలు నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే చొక్కా ధరించి లక్షలాది హృదయాలలో చోటు సంపాదించారు.

అభిమానం హద్దు మీరినప్పుడు ఏమవుతుందో కూడా ఈ చరిత్రలో ఉంది. 1975 షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను చిత్తుచేసింది. ఆ గెలుపును ఒక పక్షం, ఆ గాయాన్ని మరొక పక్షం ఏళ్ల తరబడి మోశాయి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట సాగుతుండగా గ్యాలరీలో ఘర్షణ చెలరేగింది. తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆట చూడబోయినవారు ఇళ్లకు తిరిగి రాలేదు. ఏ కప్పూ పూడ్చలేని లోటు అది.

క్రికెట్, హాకీ కూడా ఈ క్లబ్బు ఆడుతుంది. కానీ దాని ఊపిరి ఫుట్‌బాల్. 2003లో జకార్తాలో బి.ఇ.సి. టెరో ససానాను 3-1తో ఓడించి ఆసియాన్ క్లబ్ విజేతగా నిలిచింది. తరువాత లేమి రోజులు వచ్చాయి. పెట్టుబడిదారులు మారారు, పరాజయాలు పెరిగాయి. 2012 తర్వాత మరొక జాతీయస్థాయి కప్పు కోసం 2024 జనవరి వరకు నిరీక్షించవలసి వచ్చింది. భువనేశ్వర్‌లో ఒడిశాపై 3-2తో సూపర్ కప్పు గెలిచినప్పుడు ఆ నిరీక్షణ ముగిసింది. 2024-25లో మహిళల జట్టు భారత మహిళా లీగు విజేత అయింది.

నేడు ఆ జెండా పట్టుకొనేవారిలో చాలామంది పద్మానది ఒడ్డును ఎన్నడూ చూడలేదు. తాతలు విడిచివచ్చిన ఊళ్లు వారికి కథలలోనే తెలుసు. భూమిని పోగొట్టుకొన్నవారు మనుమలకు ఆస్తి ఇవ్వలేకపోవచ్చు. ఒక పేరునైనా ఇవ్వగలిగారు.