వంటింటి తూము

2008వ సంవత్సరము మార్చి మాసములో హైదరాబాదు విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు తరలినవి. వాని వెంబడి ఆ ప్రాంతమున మేడలును, కాలనీలును పెరిగినవి. పెరటి ఇండ్ల కాలమున వంటింటి నీరు మోరిగుండ పారి అరటిపాదునకు చేరెడిది. మోరిలో చెత్త నిలిచినచో కంటికి కనబడెడిది. చీపురుతో త్రోసివేసిన చాలెడిది. నేడు ఆ నీరు సింకు క్రింది గొట్టములో దిగి మరుగగుచున్నది. లోపలి సంగతి నీరు వెనుకకు పొంగినప్పుడుగాని మనకు తెలియుట లేదు.

గొట్టము ఒక్కనాటిలో పూడిపోదు. నెయ్యియు, వనస్పతియు వేడిగా దిగి, చల్లని గొట్టము తగులగనే పేరుకొని గోడలకంటుకొనును. వేరుసెనగ నూనె గడ్డకట్టదు గదా యని కొంద రనవచ్చును. ఇచట నీటి స్వభావమును గూడ తలపవలెను. ఈ ప్రాంతపు నేల గ్రానైటు శిలలది. దాని పగుళ్లనుండి తోడిన బోరునీటిలో సున్నము, మెగ్నీషియము తరచుగా హెచ్చు. సబ్బు నురుగు రాకపోవుటయు, పప్పు త్వరగా ఉడకకపోవుటయు అందుకు గుర్తులు. ఆ సున్నము సబ్బుతోడను, నూనె విరిగినప్పుడు పుట్టు కొవ్వు ఆమ్లములతోడను కలిసి నీట కరగని జిగటయగును. దానికి మెతుకులు, గంజి, చింతపండు పిప్పి, టీపొడి అంటుకొని దారిని నానాటికి ఇరుకు చేయును. 2017లో లండను నగరమున వైట్‌చాపెల్ వీథి క్రింది మురుగు కాలువలో ఇట్టి కొవ్వుగడ్డ 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున బయటపడినది. అది వేలకొలది వంటిండ్లనుండి చేరిన జిడ్డే.

నివారణ సులభము. బాణలిని, నేతి గిన్నెను కడుగుటకు ముందు పాత కాగితముతో తుడిచి, ఆ కాగితమును చెత్తబుట్టలో వేయవలెను. మాడిన నూనెను సీసాలో పోసి మూతపెట్టి పారవేయవలెను. ఎంగిలి కంచములను ముందుగా దులుపవలెను. తూముపై సన్నని జాలీ ఉంచి, రాత్రి పడకకు ముందు దానిని శుభ్రపరుపవలెను. గంజి చల్లారినపిదప మొక్కలకో పశువులకో పోయవచ్చును. వారమున కొకసారి చేయి ఓర్చునంత వేడినీరు పోయుట మేలు. సలసల కాగు నీరు పోయరాదు. ప్లాస్టిక్ గొట్టము మెత్తబడి అతుకులు వదలును.

ఇక నీరు నిలిచినచో, సింకులో నాలుగంగుళముల నీరుంచి, రబ్బరు గిన్నెగల కఱ్ఱను తూముపై బిగియనొత్తి పదిపదునైదు మార్లు ఎత్తుచు దింపుచు ఉండవలెను. రెండవ తొట్టి ఉన్నచో దాని తూమును తడిగుడ్డతో మూయవలెను. లేనిచో ఒత్తిడి ఆ దారిని పోవును. అప్పటికిని వదలనిచో సింకు క్రింది వంపును చూడవలెను. మిస్త్రీలు దీనిని ట్రాపు అందురు. అందు నిలుచు నీరే దుర్వాసనను పైకి రానీయదు. క్రింద బకెట్టు ఉంచి, దాని మరను చేతితో విప్పి, లోపలి మడ్డిని తీసి, రబ్బరు చుట్టు చెడకుండ తిరిగి బిగింపవలెను. ఇంటిలోని తూములన్నియు ఒక్కసారిగా పొంగినచో అడ్డము బయటి గొట్టములో నున్నదని గ్రహించి మిస్త్రీని పిలువవలెను.

తినుసోడా, వెనిగరు కలిపి పోయుట వాడుకలో నున్నది. ఆ రెండును ఒకదాని నొకటి చల్లార్చుకొనును. నురుగే గాని బలము స్వల్పము. ఆసిడ్ మాత్రము పోయవలదని మేము గట్టిగా చెప్పుదుము. అది చేతులను, కన్నులను కాల్చును. బ్లీచింగు పొడితో కలిసినచో క్లోరిను విషవాయువు పుట్టును. ఆసిడ్ పోసిన గొట్టమును తరువాత విప్పువానికిని ప్రమాదమే.

మురుగు కాలువ లేని కాలనీలలో ఈ నీరు సెప్టిక్ ట్యాంకునకు చేరును. జిడ్డు పేరుకొన్నకొలది అది త్వరగా నిండును. దానిని తోడ నొక మనిషి రావలసియుండును. ఆ గుంటలో హైడ్రోజను సల్ఫైడు అను ప్రాణాంతక వాయువు పుట్టును. రక్షణ పరికరములు లేకుండ మనుష్యులను అందు దింపుటను పార్లమెంటు 2013లో చట్టముచే నిషేధించినది. అయినను అట్టి మరణములు ఆగలేదు. ట్యాంకును యంత్రముచేతనే తోడింపవలెను. తక్కువ కూలికి దిగెదననువానిని దింపరాదు.

పొంగిన మురుగు పల్లమునకు పోవును. 1908 నాటి మూసీ వరదల పిదప నగర రక్షణకై ఈసీ నదిపై కట్టి, 1927లో పూర్తిచేసిన హిమాయత్‌సాగరము శంషాబాదునకు చేరువనే యున్నది. దానిని, గండిపేట చెరువును కాపాడుటకు 1996లో వెలువడిన 111వ ఉత్తర్వునకు నాడు లోబడిన 84 గ్రామములలో శంషాబాదు మండలపువియు ఉండెను. బాణలి తుడుచుటకు పట్టునది అర నిమిషము. ఆ పని మన వంటింటిలోనే జరిగినచో గొట్టమునకును, గుంటవద్దకు వచ్చు మనిషికిని, చెరువునకును మేలు.