అద్దె గిడ్డంగిలో పాత మూటలు

లింగసుగూరు ప్రాంతంలో ఏనాడో స్థిరపడిన మన కుటుంబాల బిడ్డలు కొందరు నేడు బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ సాఫ్ట్‌వేరు కొలువులలో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు వారు "రిజిస్ట్రీ శుభ్రం చేస్తున్నాం" అంటే, ఇదేదో దస్తావేజుల కచేరీ మాట అని పెద్దలు అనుకోవడం సహజమే.

ఈ రిజిస్ట్రీ వేరు. ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా ఒకే మూటగా కడితే దానిని కంటైనర్ ఇమేజి అంటారు. 2013లో డాకర్ వచ్చిన తరువాత ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. ఆ మూటలను దాచే అద్దె గిడ్డంగియే రిజిస్ట్రీ. ప్రోగ్రాము మారినప్పుడల్లా కొత్త మూట వచ్చి చేరుతుంది. పాతది అక్కడే ఉండిపోతుంది. అమెజాన్ వారి రిజిస్ట్రీలో సాధారణ అద్దె గిగాబైటుకు నెలకు 10 సెంట్లు. స్వల్పమే అనిపిస్తుంది. 500 గిగాబైట్లు పేరుకుంటే నెలనెలా 50 డాలర్లు, అదీ ఎవరూ ముట్టని సరుకుకు!

మరి పాతవన్నీ పారవేస్తే సరి కదా? చిక్కంతా ఇక్కడే ఉన్నది. మూటకు పేరుచీటీ వంటిది ట్యాగు. అదే చీటీని కొత్త మూటకు తగిలిస్తే పాతది చీటీ లేనిదవుతుంది. అయినా డైజెస్టు అనే వేలిముద్ర వంటి గుర్తును బట్టి ఏదో ఒక సర్వరు దానినే వాడుతూ ఉండవచ్చు. మనకు దగ్గరనే ఉన్న మస్కిలో 1915లో శాసనం బయటపడేవరకు, అప్పటికి తెలిసిన ధర్మశాసనాలలో దేవానాంప్రియుడనే బిరుదే గాని అశోకుడన్న పేరు కనపడలేదు. అంతమాత్రాన వాటిని వట్టి రాళ్ళని ఎవరూ అనలేదు.

అటువంటి మూటను తీసివేసిన నాడు ఏమీ జరగదు. సర్వరు దగ్గర ఒక నకలు ఉంటుంది గనుక పని సాగిపోతుంది. ఎన్నాళ్ళకో ఆ సర్వరు చెడి, పని వేరొక సర్వరుకు మారినప్పుడు మూట కోసం గిడ్డంగికి కబురు వెళుతుంది. అక్కడ ఉండదు! ప్రోగ్రాము లేవదు. అది అర్ధరాత్రి జరిగితే మన అబ్బాయికో అమ్మాయికో ఇక నిద్ర లేదు. అందుచేత వయస్సు చూచి కాక, ఇప్పుడు నడుస్తున్నవేవో ముందు వ్రాసుకొని, అవసరమైతే వెనుకకు మళ్ళడానికి మరికొన్ని ఉంచుకొని, తక్కినవి తీయడం మేలని మా అభిప్రాయం.

అమెజాన్ వారు 2017లో ఇందుకు నియమాలు పెట్టుకొనే వసతి కల్పించారు. ఏవి పోతాయో ముందుగా చూపే ఏర్పాటు కూడా ఉన్నది. దానిని చూడకుండా నియమం అమలు చేయడం మాకు సాహసంగానే తోస్తున్నది.

వంద మూటలు తీసినా అద్దె తగ్గలేదని కొందరు ఆశ్చర్యపడతారు. మూటలు పొరలుగా ఉంటాయి. ఒకే పొరను పలు మూటలు పంచుకుంటాయి. ఆ పొర వేరొకదానికి కావలసి ఉన్నంతకాలం ఆ చోటు ఖాళీ కాదు. సొంతంగా రిజిస్ట్రీ నడుపుకొనేవారు మూట తీసిన తరువాత, ఎవరికీ అక్కరలేని పొరలను ఊడ్చే పని వేరుగా చేయించాలి. ఆ ఊడుపు సాగుతుండగా కొత్త మూటలు దించరాదు.