లింకు పెట్టేముందు ఆ ఒప్పందం చదివారా?

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు సూటిగా ఒక విషయం ఇచ్చారు. పల్లెల్లో చదువుకున్న కుర్రాళ్లు, ఆడపిల్లలు ఒక వెబ్‌సైట్ పెట్టుకుని, అందులో లింకులు పెట్టి కమీషన్ సంపాదించాలని దిగుతున్నారు. ఎక్కడ దెబ్బతింటున్నారో రాయండి, బుచ్చయ్యపేట లాంటి ఊరిని మనసులో పెట్టుకుని రాయండి, గురువారానికల్లా కావాలి అన్నారు. బుచ్చయ్యపేట చోడవరం పక్కన చెరకు, వరి పండే మండలం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది.

డబ్బు కట్టించుకుని ఈ విద్య నేర్పే కోర్సుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. అవన్నీ 'నెలకు ఎంత వస్తుంది' అన్న దగ్గరే మొదలవుతాయి. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం ఎవరూ పాఠంగా చెప్పని ఒక పత్రం. అమెజాన్ అసోసియేట్స్ పథకంలో చేరేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని టిక్కు పెట్టి దాటేసే ఒప్పందం, దానికి జతగా ఉండే నియమాలు. ఇలా లింకులతో కమీషన్ తెచ్చుకునే అఫిలియేట్ పనిలో జరిగే తప్పుల్లో సగం ఇందులోనే రాసి ఉన్నాయి.

అనకాపల్లి బెల్లం మార్కెట్ తెలిసిన ప్రాంతానికి కమీషన్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. సరుకు వేరొకరిది, కొనేది మరొకరు, ఇద్దరినీ కలిపినవాడికి ఒక వాటా. అఫిలియేట్ పనీ అదే. కాకపోతే యార్డులో కమీషన్ ఎవరికి పోతోందో రైతుకీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఫోన్‌లో ఆ మనిషి కనబడడు. అందుకే ఒప్పందం అంత పట్టుగా రాశారు.

మొదట చుట్టాల సంగతి చూడండి. మీ లింకు మీద మీరు కొనుక్కోకూడదు. మీ స్నేహితుల కోసం, బంధువుల కోసం కొన్నా లెక్కలోకి రాదు. మరోచోట ఇంకో షరతు ఉంది: చేరిన 180 రోజుల్లో కనీసం మూడు కొనుగోళ్లు జరగకపోతే ఖాతా మూసేస్తారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఉచ్చు ఎక్కడుందో తెలుస్తుంది. గడువు దగ్గర పడుతుంది, ఒక్క కొనుగోలూ ఉండదు. అప్పుడు ఎవరైనా ఎవరిని అడుగుతారు? బావమరిదిని, పిన్ని కొడుకుని, ట్యూషన్ మాస్టారిని. "నా లింకు మీద ఒక చార్జర్ కొను అన్నయ్యా" అంటారు. అమాయకంగా చేసిన ఆ పనే నియమం తప్పడం అవుతుంది. సైట్‌లో పదో పాతికో మంచి పేజీలు సిద్ధమయ్యాక, రోజూ కొంతమంది పరాయివాళ్లు వచ్చి చదువుతున్నారని తేలాక చేరితే ఈ బెడదే ఉండదు. చేరడం చివరి మెట్టు కావాలి. మనవాళ్లు దాన్నే మొదటి మెట్టు చేసుకుంటున్నారు.

తర్వాత ధర. 'కేవలం 2,499 రూపాయలే' అని పేజీలో చేత్తో రాసి పెట్టకూడదు. రేపటికి ధర మారుతుంది, చదివినవాడు మోసపోయాననుకుంటాడు. కంపెనీ సాధనాల ద్వారా తాజాగా వచ్చే ధర చూపాలి, లేదా ధర మాట ఎత్తకుండా ఉండాలి. అక్కడి కొనుగోలుదారుల సమీక్షలు, నక్షత్రాలు కాపీ చేసి అతికించకూడదు. బొమ్మలు దించుకుని వాడుకోకూడదు. ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియకుండా లింకును మరుగుపరచకూడదు. కరపత్రం మీద అచ్చు వేయడం, ఎస్సెమ్మెస్‌లో పంపడం కూడా కుదరదు. జాతరలో పంచే కాగితం మీద క్యూఆర్ కోడ్ వేద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు దాపరికం. కొంటే నాకు డబ్బు వస్తుందన్న సంగతి సైట్‌లో స్పష్టంగా చెప్పాలని ఒప్పందం అడుగుతుంది. తెలుగు సైట్లలో చాలామంది ఒప్పందంలోని ఇంగ్లీషు వాక్యాన్నే తెచ్చి, పేజీ అట్టడుగున, బూడిదరంగు చిన్న అక్షరాల్లో పెడతారు. పైన పేజీ అంతా తెలుగు. చదివేవాళ్లకు తెలుగే వచ్చు. ఇది చెప్పడం కాదు, చెప్పినట్టు నటించడం. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు ప్రకటన ఏ భాషలో ఉంటే దాని వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలన్నాయి. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సోషల్ మీడియా ప్రచారకుల కోసం ఒక చిన్న పుస్తకం విడుదల చేసింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా తేలిగ్గా కంటబడేలా చెప్పమంది. తాము వాడి చూడనిదాన్ని సిఫారసు చేయవద్దంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది.

పేజీ మొదట్లోనే ఈ రెండు వాక్యాలు మామూలు సైజు అక్షరాల్లో రాయండి: "ఈ పేజీలోని లింకు ద్వారా మీరు కొంటే మాకు కమీషన్ వస్తుంది. మీరు కట్టే ధర మారదు." ఇది చదివి వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ కొనరు. చదివి ఉండిపోయినవాళ్లు రేపు మళ్లీ వస్తారు.

పేజీ ఎవరి కోసం?

వెబ్‌సైట్ డిజైన్ అనగానే అందరూ రంగుల గురించి ఆలోచిస్తారు. బుచ్చయ్యపేట మండలంలోని వడ్డాది జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి, పగిలిన గాజున్న ఫోన్‌లో చదివే మనిషి గురించి ఆలోచించండి. ఎండలో ఆ బూడిదరంగు అక్షరం కనబడుతుందా? పేజీ తెరవగానే మీదపడే నోటిఫికేషన్ పెట్టెను మూసే గుర్తు బొటనవేలికి అందుతుందా? పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలని గూగుల్ కొలత. ఒక్కొక్కటీ నాలుగైదు ఎంబీలున్న ఫోటోలు పెడితే ఇది జరిగే పని కాదు.

తెలుగుకు సొంత ఇబ్బందులున్నాయి. ఇంగ్లీషు కోసం కొలిచి చేసిన టెంప్లేట్లలో వరుసల మధ్య చోటు తక్కువ. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. 'ఇక్కడ నొక్కండి' అన్న బటన్‌లో క్క కింది ఒత్తు తెగిపోయిన సైట్లు ఎన్నో. వరుసల మధ్య చోటు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచితే సరిపోతుంది. పెద్ద ఫాంటు ఫైలు దింపించనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. శీర్షికను బొమ్మగా మార్చి పెట్టకండి, అలా చేస్తే వెతికేవాళ్లకు దొరకదు, చూపులేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు.

పేజీ చిరునామా సంగతి చాలామందికి తట్టదు. చిరునామాలో 'బెల్లం' అని తెలుగులో పెట్టి ఆ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే, ఆ ఒక్క మాటే తరచుగా 54 గుర్తులుగా విడిపోతుంది, శాతం గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి. అది చూసినవాడు ఏదో వైరస్ అనుకుని నొక్కడు. చిరునామా మాత్రం పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, పేజీ అంతా తెలుగులో రాయడమే మేలు.

ఇక రాత. కంపెనీ వివరణను యంత్రంతో అనువదించి 'ఈ ఉత్పత్తి మీ అవసరాలకు ఉత్తమమైనది' అని అతికించిన పేజీలు కుప్పలుగా ఉన్నాయి. అమ్మకందారు వివరణను యథాతథంగా ఎత్తిపెట్టే అఫిలియేట్ పేజీలను గూగుల్ స్పామ్‌గా లెక్కిస్తుంది. 2024 మార్చిలో రాశి పోసినట్టు తయారుచేసే రాతల మీద నియమాలు ఇంకా బిగించింది. బుచ్చయ్యపేట కుర్రాడికి ఢిల్లీ సైట్లకు లేని బలం ఒకటుంది. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరును నిండా నింపి భుజాన వేసుకుని గట్టు మీద నడిస్తే ఎలా ఉంటుందో, ఒక చార్జింగ్‌తో ఎంత చేను తడుస్తుందో, నాజిల్ పోతే చోడవరంలో దొరుకుతుందో లేదో అతను రాయగలడు. ధాన్యం మీద కప్పే బరకం రెండో వానకు ఎలా ఉందో ఫోటో తీసి పెట్టగలడు. అలాంటి పేజీ ఒక్కటున్నా వంద ఫోన్ల జాబితా పేజీలకన్నా నయం. నేను చదవాలనుకునే తెలుగు వెబ్ కూడా అదే.

చరిత్ర రెండు ముక్కల్లో: అమెజాన్ ఈ పథకం మొదలుపెట్టింది 1996లో. అంతకుముందే అమెరికాలో ఒక పూల వ్యాపారి ఇలాంటి పద్ధతి నడిపాడు. అమెజాన్ మన దేశంలో దుకాణం తెరిచింది 2013లో, గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు వచ్చింది 2018లో.

ముట్టుకోకూడని లింకు

కమీషన్ ఎక్కువిచ్చే లింకులు బెట్టింగ్ యాప్‌లవి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఫిబ్రవరిలో ఇలాంటి యాప్‌లను ప్రచారం చేశాడన్న ఆరోపణ మీద విశాఖ పోలీసులు ఒక యూట్యూబర్‌ను అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీదా కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఎవరింటి పిల్లాడో అప్పులపాలైతే వచ్చే కమీషన్ అది. పెట్టవద్దు.

పనిలో పనిగా

కమీషన్ ఏడాదికి 20 వేలు దాటితే కంపెనీ రెండు శాతం టీడీఎస్ కోస్తుంది, పాన్ ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ. రిటర్న్ వేస్తే కోసిన పన్ను లెక్కలోకి వస్తుంది.

'లైకులు కొట్టండి, రేటింగ్ ఇవ్వండి, ముందు కొంత డబ్బు వేయండి' అనేది అఫిలియేట్ పని కాదు, మోసం. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన అలాంటి ముఠా దండుకున్నది 712 కోట్ల రూపాయలు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అసలు అమెజాన్ పథకంలో చేరడానికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఒప్పందం కూడా అమెజాన్ సైట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉంది. ఇంగ్లీషు కష్టమైతే ఊళ్లో చదవగలిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చదవండి. కోర్సుకు కట్టాలనుకున్న డబ్బుతో స్ప్రేయరు కొని, వాడి, దాని గురించి రాయండి.